ఒక్కసారి కొడితే రెండు చప్పుళ్ళు వినిపించాయి, ఎందుకని?

గోడకవతల:
అందరికీ నమస్కారం అండి. నిన్న మా పిల్లాడితో పార్కులో ఉన్నప్పుడు ఒకటి గమనించాను, అప్పట్నుంచి బుర్రలో అదే తిరుగుతోంది. అక్కడ పొడవాటి ఇనప రెయిలింగ్ ఉంది, మధ్యలో ఎక్కడా తెగకుండా వెల్డింగ్ చేసిన పైపు, ముప్పై మీటర్ల పైనే ఉంటుంది. వాడు ఆ చివర నిలబడి రాయితో ఒక్క దెబ్బ కొట్టాడు, నేను ఈ చివర పైపుకి చెవి ఆనించి ఉన్నా. ముందు ఆనించిన చెవిలోకి గట్టిగా "టింగ్" అని వచ్చింది, ఆ వెంటనే రెండో చెవికి మామూలుగా గాల్లోంచి "టక్" అని వినిపించింది. వాడు రెండుసార్లు కొట్టాడేమో అనుకుని మళ్ళీ కొట్టమన్నా, కళ్ళారా చూశా, ఒక్కసారే కొట్టాడు, నాకు మాత్రం రెండు వినిపించాయి.

ఇనుములో సౌండ్ వేగంగా పోతుందని స్కూల్లో చదివిన గుర్తు. కానీ నాకు అర్థం కానిది ఏంటంటే ఇనుము అంత బరువైన వస్తువు కదా, బరువైనదాన్ని కదిలించడం కష్టం కదా, మరి గాలిలాంటి తేలికైనదాంట్లో కంటే అందులో వేగం ఎందుకు ఎక్కువ? పిల్లాడు కూడా ఇదే అడిగాడు, నేను "రేపు చెప్తాలే" అని తప్పించుకున్నా. వాడికి తప్పు చెప్పకూడదు, కాస్త వివరంగా చెప్పండి.

సైన్స్‌పిచ్చి:
సూపర్ అబ్జర్వేషన్ అండి! మీరు చేసింది దాదాపు 1808లో పారిస్‌లో బియో అనే ఆయన చేసిన ప్రయోగమే. అప్పట్లో అక్కడ నీళ్ళ కోసం వేస్తున్న పోత ఇనుము పైపులు వరుసగా కలిపి ఉంటే, సుమారు 951 మీటర్ల పొడవు, ఒక చివర సుత్తితో కొట్టించి ఇంకో చివర విన్నాడు, ఆయనకీ రెండు చప్పుళ్ళు వినిపించాయి, మధ్యలో రెండున్నర సెకన్ల తేడా. మొదటిది ఇనుములోంచి వచ్చింది, రెండోది గాల్లోంచి వచ్చింది. దాన్నిబట్టి ఇనుములో వేగం గాల్లో కంటే పదింతలు పైనే అని లెక్క కట్టాడు.

కారణం సింపుల్, ఘనపదార్థాల్లో కణాలు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి ఒకటి ఇంకోదాన్ని త్వరగా తోస్తుంది, గాల్లో దూరం దూరంగా ఉంటాయి కాబట్టి లేటవుతుంది. సాంద్రత ఎక్కువైతే వేగం ఎక్కువ, అంతే.

నెమ్మదిగా_చెప్తా:
పైన బియో సంగతి చాలా బాగా గుర్తు చేశారు, కానీ ఆ ఆఖరి లైన్ మాత్రం ఒప్పుకోలేనండి. "సాంద్రత ఎక్కువైతే వేగం ఎక్కువ" అనేది చాలామంది బుర్రల్లో నాటుకుపోయింది, పిల్లాడికి అది చెప్తే రేపు పొద్దున సీసం గురించి అడుగుతాడు. సీసం ఉక్కు కంటే బరువు, ఒక ఘనపు మీటరు ఉక్కు 7,850 కిలోలైతే సీసం 11,340 కిలోలు. మరి సీసపు కడ్డీలో ధ్వని వేగం ఎంతో తెలుసా, సెకనుకి 1,200 మీటర్ల దగ్గర. ఉక్కు కడ్డీలో 5,000 పైన. బరువైనదాంట్లో నాలుగో వంతు వేగం వచ్చిందంటే సాంద్రత వేగాన్ని పెంచట్లేదన్నట్టే కదా.

అసలు గోడకవతల గారి అనుమానమే కరెక్టు. బరువు ఎక్కువైతే కదలడం కష్టం, ధ్వని నెమ్మదిస్తుంది, ఇది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆయన లెక్కలో ఇంకొకటి చేరాలి, బిగువు. ఇలా ఊహించుకోండి, వరుసగా బరువులు పెట్టి ఒక్కోదానికీ మధ్య స్ప్రింగు తగిలించాం. మొదటి బరువుని తోస్తే స్ప్రింగు నొక్కుకుంటుంది, అది రెండోదాన్ని తోస్తుంది, అలా ఆ తోపు చివరిదాకా పోతుంది. బరువులే ఆ చివరిదాకా వెళ్ళవు, ఉన్నచోటే కాస్త ముందుకీ వెనక్కీ ఊగుతాయి, వెళ్ళేది తోపు మాత్రమే. ఇప్పుడు స్ప్రింగు మెత్తగా ఉంటే ముందు అది నొక్కుకోవడానికే టైమ్ పోతుంది, బిర్రుగా ఉంటే ఇలా తోయగానే అలా అందుతుంది. కాబట్టి స్ప్రింగు బిగువు వేగాన్ని పెంచుతుంది, బరువు తగ్గిస్తుంది. లెక్క కావాలంటే బిగువుని సాంద్రతతో భాగించి వర్గమూలం తీస్తే వేగం వచ్చేస్తుంది.

ఉక్కు గాలి కంటే వేల రెట్లు బరువే, కాదనట్లేదు, కానీ దాని బిగువు లక్షల రెట్లు ఎక్కువ, అందుకని బరువు నష్టాన్ని బిగువు పూడ్చేసి ఇంకా బోలెడు మిగులుతుంది. సీసం అలా కాదు, గోటితో గీస్తే గీత పడేంత మెత్తన, పైగా బరువు, రెండు రకాలుగానూ నష్టమే.

నీళ్ళకి లెక్క వేసి చూడండి, నాకు ఇది చాలా ఇష్టం. నీళ్ళు గాలి కంటే సుమారు 830 రెట్లు సాంద్రం. నొక్కడానికి ఇచ్చే ఎదురు మాత్రం గాలి కంటే 15,000 రెట్లకి పైనే. భాగిస్తే 18, 19 మధ్య వస్తుంది, దాని వర్గమూలం 4.3. ఇరవై డిగ్రీల గాల్లో వేగం 343 మీటర్లు కదా, 4.3తో గుణిస్తే 1,480 దగ్గరికొస్తుంది, నీళ్ళలో కొలిచినా సరిగ్గా అంతే వస్తుంది. ఎంత అందంగా కుదిరిందో చూడండి. 1826లో కొలడాన్, స్టర్మ్ అని ఇద్దరు జెనీవా సరస్సులో రెండు పడవలు వేసుకుని దీన్ని కొలిచారు. ఒక పడవ దగ్గర నీళ్ళలో గంట కొట్టడం, అదే క్షణంలో పైన మందుగుండు వెలిగించడం, పదమూడు కిలోమీటర్ల అవతల పడవలో ఆ మెరుపు చూసి, నీళ్ళలో ముంచిన గొట్టంలోంచి గంట వినేదాకా టైమ్ లెక్కపెట్టడం. రాత్రిపూట, ఎనిమిది డిగ్రీల చల్లటి నీళ్ళలో, వాళ్ళకి వచ్చిన లెక్క 1,435. ఇప్పటి పరికరాలతో కొలిచినా తేడా నాలుగైదు మీటర్లకి మించదు.

సైన్స్‌పిచ్చి:
ఓహ్, థాంక్స్ అండి, నేను ఇన్నాళ్ళూ తప్పుగానే చెప్తున్నా, సరిదిద్దుకుంటా. ఒక డౌట్, మరి గాలిని నొక్కి సిలిండర్‌లో పెడితే దగ్గరవుతుంది, బిగువూ పెరుగుతుంది, అప్పుడు వేగం ఏమవుతుంది?

నెమ్మదిగా_చెప్తా:
ఏమీ అవ్వదండి, ఆశ్చర్యంగా ఉంటుంది కానీ నిజం. పీడనం రెట్టింపు చేస్తే బిగువూ రెట్టింపు, సాంద్రతా రెట్టింపు, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గాల్లో వేగాన్ని మార్చేది వేడి మాత్రమే అనుకోవచ్చు, సున్నా డిగ్రీల దగ్గర 331 ఉంటే ఒక్కో డిగ్రీకి 0.6 మీటర్ల చొప్పున పెరుగుతుంది. విమానాలు తిరిగే పదకొండు కిలోమీటర్ల ఎత్తులో వేగం 295కి పడిపోతుంది, చాలామంది గాలి పల్చబడింది కాబట్టి అనుకుంటారు, కానీ కారణం అక్కడి మైనస్ 56 డిగ్రీల చలి. హీలియంలో బిగువు గాలికి కాస్త అటూఇటూగా అంతే, బరువు మాత్రం ఏడో వంతు, అందుకే అందులో సెకనుకి వెయ్యి మీటర్లు.

ఇక్కడ న్యూటన్ అంతటివాడు పొరబడిన చోటు ఒకటుంది. 1687లో గాల్లో వేగాన్ని లెక్క కడితే నిజం కంటే 15 శాతం తక్కువొచ్చింది. గాలిని నొక్కినా దాని వేడి మారదని అనుకున్నాడు. అలా కాదు, ధ్వని ఎంత వేగంగా నొక్కుతుందంటే ఆ వేడి పక్కకి జారుకునేలోపే మళ్ళీ సాగిపోతుంది, అంటే నొక్కుకున్నచోట గాలి కొంచెం వేడెక్కి ఇంకాస్త బిగుస్తుంది. ఈ సవరణ 1816లో లాప్లాస్ చేశాడు. అంటే దాదాపు 130 ఏళ్ళు ఆ 15 శాతం తేడా అలాగే ఉండిపోయింది. నాకైతే ఇది చదివినప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది.

గోడకవతల:
చాలా చాలా థాంక్స్ అండి, స్ప్రింగుల ఉదాహరణ వాడికి బొమ్మ గీసి చూపించా, వెంటనే పట్టేశాడు. కానీ వెంటనే ఇంకోటి అడిగాడు, నా దగ్గర జవాబు లేదు. "నీళ్ళలో సౌండ్ అంత స్పీడుగా పోతే నేను స్విమ్మింగ్ పూల్‌లో మునిగినప్పుడు నువ్వు పైనుంచి పిలిస్తే ఎందుకు వినపడదు?" అని. నిజమే కదా, పైన అరిచినా లోపల ఏమీ వినపడదు, అదే లోపల ఎవరైనా రెండు రాళ్ళు కొడితే చెవి పక్కనే కొట్టినట్టుంటుంది.

వెల్డ్‌టెస్టర్:
ఇది నా పని కాబట్టి నేను చెప్త. నేను అల్ట్రాసోనిక్ టెస్టింగ్ చేస్త, వెల్డింగ్ లోపల పగుళ్ళు ఉన్నయా లేవా అని సౌండ్‌తోని చూసుడు. మీ పిల్లగాడు అడిగిన ప్రశ్న మీదనే మా పని మొత్తం నడుస్తది.

సౌండ్ ఎంత స్పీడుగ పోతది అనేది ఒక ముచ్చట, ఒకదాంట్లకెళ్ళి ఇంకోదాంట్లకి దాటుతదా లేదా అనేది పూరా వేరే ముచ్చట. ప్రతి మెటీరియల్‌కి దాని సాంద్రతని దాంట్ల వేగంతోని గుణిస్తే ఒక నంబర్ వస్తది, ఇంపీడెన్స్ అంటరు. రెండు మెటీరియల్స్ నంబర్లు దగ్గరదగ్గర ఉంటే సౌండ్ హాయిగ దాటిపోతది, తేడా ఎక్కువ ఉంటే అంచుకాడికి వచ్చి వెనక్కి తిరిగిపోతది. గాలికి నీళ్ళకి ఈ నంబర్ తేడా 3,500 రెట్లు. మీరు పైనుంచి ఎంత అరిచినా వెయ్యిల ఒక్క వంతే నీళ్ళలకి దిగుతది, మిగిలిందంత అంచుకాడ్నే తిరిగిపోతది. డెసిబెల్స్‌ల చెప్పాల్నంటే 30 పోయినట్టు. నీళ్ళల్ల రాళ్ళు కొడితే మాత్రం దాటాల్సిన అంచే లేదు, ఆ సౌండ్ సీదా మీ తలకాయ ఎముకలల్లకే వచ్చేస్తది, ఎందుకంటే మన ఒంట్ల ఉన్నది ఎక్కువ నీళ్ళే కద.

ఇంకొకటి కూడ గమనించుమను, నీళ్ళ లోపల సౌండ్ ఏ దిక్కుకెళ్ళి వస్తుందో తెల్వది. గాల్ల ఒక చెవికి ముందు, ఇంకో చెవికి తర్వాత చేరే ఆ చిన్న తేడాతోని, మహా అంటే మిల్లీసెకన్‌ల మూడింట రెండు వంతులు, మెదడు దిక్కు కనిపెడతది. నీళ్ళల్ల వేగం నాలుగింతలు కాబట్టి ఆ తేడా నాలుగో వంతుకి పడిపోతది.

మా పనిల ఇది ఎట్ల వాడతమంటే, సౌండ్ పంపి తిరిగొచ్చేది పట్టుకునే ప్రోబ్‌ని ఉక్కు ప్లేట్ మీద ఊకెనే పెడితే ఏం రాదు. ప్రోబ్‌కి ప్లేట్‌కి మధ్యల వెంట్రుక మందం గాలి ఉన్నా చాలు, సౌండ్ లోపలికి పోదు. గాలికెళ్ళి ఉక్కులకి లక్షల నాలుగు పాళ్ళు కూడ దాటదు. అందుకే జెల్లో ఆయిలో గ్రీజో పూస్తం, కప్లెంట్ అంటం. నీళ్ళకెళ్ళి ఉక్కులకి అయితే నూటికి 12 పాళ్ళు పోతది, అది మాకు బాగ సరిపోతది. హాస్పిటల్‌ల స్కానింగ్ చేసేముందు పొట్ట మీద చల్లగ జెల్ రాసేది కూడ గందుకే, ఆ గాలి పొర లేకుండ చేసుడు. ఇగ ఉక్కు లోపల పగులు ఉంటే దాంట్ల గాలి ఉంటది కద, సౌండ్ దాన్ని దాటలేక వెనక్కి తిరిగొస్తది, స్క్రీన్ మీద ఎకో కనబడతది. అంటే మీ పిల్లగాన్ని మీ కేక వినకుండ చేసిన గుణమే మాకు పగులు చూపిస్తది. 25 మిల్లీమీటర్ల ప్లేట్‌ల సౌండ్ కిందికి పోయి మళ్ళ పైకి రావడానికి ఎనిమిదిన్నర మైక్రోసెకన్లు, గంతకన్న ముందుగాల ఎకో వచ్చిందంటే మధ్యల ఏదో ఉన్నట్టే.

నెమ్మదిగా_చెప్తా గారు కడ్డీల 5,000 అన్నరు, నేను లెక్కకి వాడేది 5,900. రెండూ కరెక్టే. సన్నటి కడ్డీని నొక్కితే పక్కలకి ఉబ్బుతది, కొంచెం మెత్తగ అనిపిస్తది. దిమ్మ లోపల పక్కలకి ఉబ్బడానికి జాగ లేదు, అందుకే బిగువు ఎక్కువ, స్పీడూ ఎక్కువ. ఇంకా ఉక్కుల అడ్డంగ ఊగుకుంట పోయే వేవ్ కూడ ఉంటది, అది 3,200 చిల్లర, వెల్డ్‌కి ఏటవాలుగ పంపే యాంగిల్ ప్రోబ్‌ల అదే వాడతం. గాల్ల, నీళ్ళల్ల అది పోదు, ఎందుకంటే పొరలు ఒకదాని మీద ఒకటి జారిపోతయి, పట్టుకుని వెనక్కి గుంజే బిగువు ఉండదు. భూకంపం వచ్చినప్పుడు ఈ అడ్డం వేవులు భూమి నడుమకెళ్ళి అవతలికి రావు, భూమి లోపల కరిగిన ద్రవం ఉందని తెలిసింది గట్లనే. నేను చూసేది అరచెయ్యంత వెల్డు, వాళ్ళు చూసేది భూమి మొత్తం, పద్ధతి మాత్రం ఒక్కటే.

పైఫ్లోర్_చప్పుళ్ళు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, ఇంత తెలిసినవాళ్ళు ఉన్నారు కాబట్టి నా బాధ కూడా అడుగుతున్నా. మా పై ఫ్లోర్‌లో కుర్చీ జరిపితే నా నెత్తి మీద జరిపినట్టుంటుంది. కానీ వాళ్ళు మాట్లాడుకునేది మాత్రం ఒక్క ముక్క వినపడదు. ఆన్‌లైన్‌లో చూసి గుంటలు గుంటలుగా ఉండే ఫోమ్ షీట్లు సీలింగ్‌కి అతికించా, రూపాయి ఉపయోగం లేదు. తప్పెక్కడ?

స్టూడియోచెవి:
బ్రదర్, ఫోమ్ గురించి ఇలా బాధపడినవాళ్ళని చాలామందిని చూశా, రికార్డింగ్ రూముల పని చేస్తుంటా. ఆ ఫోమ్ పని వేరు. గదిలో పుట్టిన సౌండ్ గోడలకి తగిలి తిరిగి తిరిగి మోగుతుంది చూడండి, దాన్ని పీల్చుకోవడానికి అది. బయటి సౌండ్‌ని ఆపడానికి కాదు, నోటితో ఊదితే గాలి దాంట్లోంచి అవతలికి పోతుంది, గాలి పోయేచోట ధ్వనీ పోతుంది.

మీ సమస్యకి జవాబు వెల్డ్‌టెస్టర్ అన్న ఇప్పుడే చెప్పేశారు. పైవాళ్ళ మాట ముందు గాల్లో పుట్టింది, గాల్లోంచి కాంక్రీటులోకి దాటాలి, అక్కడే చాలావరకు వెనక్కి పోయింది, మళ్ళీ కాంక్రీటులోంచి మీ గదిలోని గాల్లోకి దాటాలి, అక్కడ ఇంకొంత పోయింది. కుర్చీ కాలు అలా కాదు, నేరుగా కాంక్రీటునే కొడుతోంది, దాటాల్సిన మొదటి అంచే లేదు. ఒకసారి కాంక్రీటులోకి దిగాక స్లాబు, బీము, గోడ అన్నీ కలిపి పోసినవే కాబట్టి ఎక్కడా అడ్డం లేకుండా పాకిపోతుంది, మీ సీలింగ్ మొత్తం పెద్ద స్పీకర్‌లా ఊగుతుంది. దాన్ని పుట్టినచోట ఆపాలి, అంటే పైన. పైవాళ్ళతో మంచిగా మాట్లాడి కుర్చీ కాళ్ళకి రబ్బరు తొడుగులో ఫెల్ట్ ముక్కలో వేయించండి, వీలైతే కింద మందంగా కార్పెట్. మెత్తటిది మధ్యలో పడితే దెబ్బ కాస్త సాగిపోతుంది, ఆ "టక్" అనే పదును పోతుంది. కింద మీ సీలింగ్‌కి ఏం అతికించినా ఇందులో సగం ఫలితం కూడా రాదు.

గాల్లోంచి వచ్చే సౌండ్ అయితే బరువుతో ఆపొచ్చు. గోడ బరువు రెట్టింపు చేస్తే దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, సౌండ్ ఫ్రీక్వెన్సీ రెట్టింపైనా అంతే తగ్గుతుంది. అందుకే పక్కింట్లో పాట పెడితే మాటలు వినపడవు, బేస్ మాత్రం దుమ్ దుమ్ అని దిగుతుంది. ఒకే గోడని మందం చెయ్యడం కంటే రెండు గోడలు, ఒకదానికొకటి తగలకుండా, మధ్యలో గాలి వదిలితే చాలా మెరుగు, ఎందుకంటే దాటాల్సిన అంచులు పెరుగుతాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి, సందులు వదలకండి. గోడ ఎంత గొప్పదైనా సరే, దాని వైశాల్యంలో నూటికి ఒక్క వంతు సందు ఉంటే, తలుపు కింద ఉంటుంది చూడండి అలాంటిది, మొత్తం మీద 20 డెసిబెల్స్‌కి మించి ఆపలేదు. లక్షలు పెట్టి గోడ కట్టించి తలుపు కింద సందు వదిలేసినవాళ్ళని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

పైఫ్లోర్_చప్పుళ్ళు:
ఫోమ్ పీకేస్తున్నా. ఈ ఆదివారం పైకి వెళ్ళి మాట్లాడతా, కాళ్ళ తొడుగులు నేనే కొనిస్తా. థాంక్యూ సో మచ్ అన్నా.

నెమ్మదిగా_చెప్తా:
గోడకవతల గారూ, పిల్లాడితో చేయడానికి ఒక చిన్న ప్రయోగం చెప్తా. గాజు గ్లాసులో కుళాయి నుంచి ధారగా నీళ్ళు పట్టండి, సన్నటి బుడగలతో తెల్లగా కనిపించాలి, గీజరు వేడినీళ్ళయితే ఇంకా బాగా వస్తుంది. వెంటనే చెంచాతో గ్లాసు అడుగున టక్ టక్ మని కొడుతూ ఉండండి. మొదట బొంగురుగా మోగి, బుడగలు పైకి పోతున్నకొద్దీ స్వరం సన్నబడుతూ పోతుంది. బుడగలున్న నీళ్ళు బరువులో నీళ్ళే, బిగువులో మాత్రం గాలంత మెత్తన, రెండిటిలోని చెడ్డ గుణాలూ కలిశాయి. బుడగలు ఎక్కువుంటే అందులో వేగం ఉత్త గాల్లో కంటే కూడా పడిపోతుంది. సాంద్రత వల్ల వేగం రాదని చెవితోనే తెలుసుకోవచ్చు.

వెల్డ్‌టెస్టర్:
మంచి ప్రయోగం సర్. గోడకవతల గారు, రెయిలింగ్‌ది మళ్ళ చేస్తే పక్కకెళ్ళి కాకుండ పైపు కొస మీద నిలువుగ కొట్టుమనండి. పక్కకెళ్ళి కొడితే పైపు వంగుకుంట పోయే వేవ్ కూడ పుడతది, దాంట్ల సన్న సౌండ్ ముందు, బొంగురుది వెనుక వస్తయి, అందుకే "టింగ్" కొంచెం సాగినట్టు వినబడతది. ముప్పై మీటర్లకి గాల్ల 87 మిల్లీసెకన్లు, ఉక్కుల 6, మధ్యల 80 తేడా, గందుకే మీకు రెండు విడివిడిగ వినబడ్డయి. దగ్గరికి వస్తే కలిసిపోవాలె, చూసి చెప్పండి. రాయి కాకుండ చిన్న సుత్తి వాడండి, చెవి ఆనించినప్పుడు గట్టిగ కొట్టనియ్యకండి. పార్కు రెయిలింగ్ ఓకే గని రైలు పట్టాల కాడికి మాత్రం ఎవ్వరూ పోవద్దు, పిల్లగానికి అది గట్టిగ చెప్పండి.

గోడకవతల:
ఇప్పుడే పార్కు నుంచి వచ్చాం. కొస మీద కొడితే "టింగ్" నిజంగానే పొట్టిగా, శుభ్రంగా వచ్చింది. వాణ్ణి ఒక్కో స్తంభం దాకా దగ్గరికి రమ్మన్నా, అక్కడ పైపు పక్కనే కొట్టాల్సి వచ్చింది, "టింగ్" మళ్ళీ కాస్త సాగింది. సగం దూరం దాకా రెండూ వేరువేరుగానే ఉన్నాయి, ఆ తర్వాత "టిటక్" అని అతుక్కున్నట్టు వినిపించింది, ఇంకా దగ్గరికొచ్చాక ఒకటే. తర్వాత నేను సుత్తి పట్టుకున్నా, వాడు చెవి ఆనించాడు. రెండు చెవులకీ రెండు టైములకి వినిపించేసరికి వాడి మొహం చూడాలి మీరు. గ్లాసు ప్రయోగం కూడా చేశాం, నాలుగుసార్లు నీళ్ళు పట్టించాడు. పట్టాల సంగతి చెప్పానండి, అర్థం చేసుకున్నాడు. ఇప్పుడు దారమూ కప్పులూ పట్టుకుని కూర్చున్నాడు, దారం వదులుగా ఉంటే ఎందుకు వినపడదో నాకు వాడే వివరించాడు, బిగువు లేదట.